తాత ముఖం సరే, అట్ట వెనక చూశారా?

ఈ మధ్య ఒక తెలుగు సంఘంవారి వార్షికోత్సవ సంచిక నా చేతికి వచ్చింది. ఊరూ పేరూ అనవసరం. సరిహద్దు కీవల తరాల తరబడి కాపురం ఉంటున్న మనబోటి వాళ్ళదే. మొదటి పేజీలోనే ఒక పాతకాలపు ఫొటో. పెద్ద తలపాగా, మెడదాకా బొత్తాలు పెట్టిన కోటు, నుదుట నామం. ఎడమచేయి గుండ్రబల్ల మీద ఆనింది. బల్ల మీద లావుపాటి పుస్తకం, వెనక రాతిస్తంభం, పక్కన కుచ్చులు వేలాడే తెర. ఫొటో కింద పెద్ద అక్షరాలతో ఇలా వేశారు: "మన సంఘీయుల మూలపురుషులు, దివాన్‌గారు, 1835."

1835! ఫొటో తీసే విద్య లోకానికి వెల్లడైంది 1839లో. పారిస్‌లో ఆ సంగతి ప్రకటించక నాలుగేళ్ళ ముందే మన దివాన్‌గారు స్తంభం పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారన్నమాట! కాశీయాత్ర చరిత్ర రాసిన మన చెన్నపట్నం ఏనుగుల వీరాస్వామయ్యగారు 1836లో పోయారు. అంత ప్రసిద్ధుడికే ఫొటో ఉండడానికి వీల్లేకపోయింది. ఈ దివాన్‌గారికి మాత్రం ఎలా కుదిరిందో సంచికవారే చెప్పాలి.

చెప్పమని ఉత్తరం రాశాను. మర్యాదగానే జవాబిచ్చారు. "అయ్యా, 1835 అయితేనేం, 1895 అయితేనేం? పెద్దల మీద భక్తి ముఖ్యం గాని తారీఖు ముఖ్యమా? మీరు అనవసరంగా రంధ్రాన్వేషణ చేస్తున్నారు" అన్నారు.

ఈ వ్యాసం ఆ జవాబుకు జవాబు.

భక్తి ముఖ్యమే, కాదనను. అయితే ఎవరి మీద భక్తి? ఆ ఫొటోలో నిలబడ్డ మనిషి మీదా, లేక మనం కల్పించుకున్న దివాను మీదా? "తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అన్న సామెత మనవాళ్ళు ఊరికే పుట్టించలేదు. సొంత రాష్ట్రంలో ఉన్నవాడు అలా గొప్పలు పోతే పక్కింటివాడు నవ్వి ఊరుకుంటాడు. మన సంగతి వేరు. మనం హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో, బొంబాయిలోనో ఉంటూ "మేము నిన్న మొన్న వచ్చినవాళ్ళం కాదు, మా పెద్దలు ఇక్కడే పుట్టి ఇక్కడే పోయారు" అని చెప్పుకోవలసిన వాళ్ళం. అలా చెప్పినప్పుడు ఎదుటివాడు రుజువు అడుగుతాడు. అప్పుడు 1835 అని రాసిన ఫొటో తీసి చూపిస్తే, తెలిసినవాడెవడో పకపకా నవ్వుతాడు. దానితో ఆ ఫొటో ఒక్కటే పోదు. పక్కనున్న దానపత్రం, గుడి శాసనం, బడి రిజిస్టరు, నిజమైన రుజువులన్నీ దానితోపాటే కొట్టుకుపోతాయి. అబద్ధపు సాక్షి ఒక్కడుంటే వ్యాజ్యం మొత్తం పోయినట్లే.

విక్టోరియా రాణి 1837 నుంచి 1901 దాకా ఏలింది. ఆ అరవై నాలుగేళ్ళలో తీసిన స్టూడియో ఫొటోలన్నిటినీ "విక్టోరియా కాలపు పటాలు" అని ఒకే గాటన కట్టేస్తుంటాం. మన యానాం మిత్రులకు ఆవిడ రాణి కానే కాదు. అక్కడ ఫ్రెంచివారి ఏలుబడి. అయినా చెన్నపట్నంలో దిగిన పటానికీ, పుదుచ్చేరిలో దిగిన పటానికీ పనిముట్లు ఒకటే, అట్టలు ఒకటే. ఆ అరవై నాలుగేళ్ళూ ఒకే తీరుగానూ లేవు. ఎప్పటికప్పుడు పటం సైజు మారింది, అట్ట మారింది, రసాయనం మారింది. ఆ మార్పులే మనకు తారీఖులు చెబుతాయి.

మొదట చేతిలోకి తీసుకోవలసింది స్కేలు. మన ఇళ్ళలో దొరికే చిన్న ఫొటో, అంటే రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగంగుళాల పొడవు అట్ట మీద అంటించినది, 'కార్ట్ ద విజిట్'. పేరుకు విజిటింగు కార్డు. పారిస్‌లో డిస్‌డెరీ అనే ఆయన 1854లో దానికి పేటెంటు తీసుకున్నాడు. 1860లో మేయాల్ అనే ఫొటోగ్రాఫరు విక్టోరియా రాణి కుటుంబం పటాలను ఆ సైజులో అమ్మకానికి పెట్టేసరికి ఇంగ్లండులో అది పిచ్చిగా వ్యాపించింది. దానికంటే పెద్దది, నాలుగుంపావు అంగుళాల వెడల్పు, ఆరున్నర పొడవు ఉన్నది 'కాబినెట్ కార్డు'. అది ఇంగ్లండులో బయటికి వచ్చింది 1866లో. కాబట్టి మీ చేతిలో ఉన్నది కాబినెట్ కార్డయితే, ఇంట్లో పెద్దలు ఎంత ఒట్టు పెట్టుకుని చెప్పినా, ఆ అట్ట 1857 సిపాయీల తిరుగుబాటు నాటిది కాదు.

తరువాత అట్ట మూలలు చూడాలి. 1860లలో అట్ట పలచన, మూలలు చతురస్రంగా కోసి ఉంటాయి. 1870లలో మూలలు గుండ్రనయ్యాయి, అట్ట మందమయింది. 1880లు, 90లు వచ్చేసరికి దళసరి అట్ట, అంచు ఏటవాలుగా చెక్కి బంగారు పూత, కొన్నిటికి ముదురు ఎరుపో ఆకుపచ్చో నలుపో రంగు. అట్ట వెనక్కి తిప్పితే అదీ ఇదే కథ. తొలి రోజుల్లో స్టూడియో పేరు, వీధి పేరు రెండే రెండు ముక్కలు చిన్నగా ఉంటాయి. పోనుపోను ఆ ముక్కలు పెరిగి, చుట్టూ లతలు చేరి, చివరికి వెనకభాగం అంతా సూర్యకిరణాలూ రెక్కల పిల్లలూ కుంచెలూ పతకాలతో నిండిపోతుంది. పతకాల మీద ఏడాది ఉంటే మరీ మంచిది. ఆ ఏడాదికి ముందు ఆ అట్ట అచ్చయి ఉండదు. రాణిని చక్రవర్తిని అని పేర్కొంటే 1876కు ముందుది కాదు, ఎందుకంటే ఆ బిరుదు చట్టం అయ్యిందే ఆ ఏడు. ఫొటోలోని మనిషి ఛాతీ మీద 'ఇండియన్ ఎంపైర్' బిరుదు పతకం కనబడితే 1878కి ముందుది కాదు.

ఇక్కడ ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఇవన్నీ "దీనికి ముందు కాదు" అని చెప్పే గుర్తులే గాని "సరిగ్గా ఈ ఏడే" అని చెప్పేవి కావు. అట్టలు చాలావరకు యూరపులో అచ్చయి ఓడల మీద వచ్చేవి. పారిస్, వియన్నా అచ్చువారి పేర్లు అట్ట అంచున చిన్న అక్షరాలతో ఉండడం కద్దు. చెన్నపట్నం మౌంటు రోడ్డు మీద పెద్ద స్టూడియోవారు కొత్త అట్టలు తెప్పించుకుంటే, జిల్లా ఊళ్ళో చిన్న స్టూడియోవాడు పాత సరుకు అయ్యేదాకా దాన్నే వాడి ఉంటాడు. ఏడాది వేయదలచినవాడు ఈ ఎడం కూడా లెక్కలోకి తీసుకోవాలి. "సుమారు 1880–90" అని వేస్తే ఎవరి పరువూ పోదు.

ఇక రెండో రకం మనుషులున్నారు. వీళ్ళు సంచికవారిలా అమాయకులు కారు, నాలుగు పుస్తకాలు చదివినవాళ్ళు. ఇంగ్లండులో పాత ఫొటోలకు ఏడాది కట్టడానికి పెద్ద శాస్త్రమే ఉంది. క్రిమియా యుద్ధం 1856లో ముగిశాక నిండు గడ్డాలు పెరిగాయి, 1860లలో చెంపల మీద పొడుగాటి జుట్టు వదలడం వేడుక అయింది, అప్పటి కోటు వదులు, 1880లకు కోటు బిగువై గుండె మీది మడత చిన్నదయింది, 1890లకు గడ్డాలు తగ్గి మీసాలు మిగిలి, కాలరు మెడను పొడిచేంత ఎత్తుకు లేచింది, ఇలాగ. ఇంగ్లీషువాడి ఫొటోకు ఇది బాగానే పనిచేస్తుంది. అక్కడ కూడా ముసలివాళ్ళు తమ పడుచుతనపు కోటే చివరిదాకా వేసుకునేవారు, కాబట్టి జాగ్రత్త అని ఆ పుస్తకాలవాళ్ళే హెచ్చరిస్తారు. మనవాళ్ళు ఆ హెచ్చరిక వదిలేసి, ఆ కొలబద్దను తెచ్చి మన తాతల మీద పెడతారు. "మీసం ఇలా ఉంది కనుక 1890" అంటారు. మన మనిషి మీసం పెట్టడానికి, తీయడానికి లండను వేడుక కారణమా? కులాచారం ఉంది, మొక్కు ఉంది, తండ్రి పోయిన ఏడు ఉంది, కొలువులో దొర ఇష్టం ఉంది. పంచెకట్టు పదేళ్ళకోసారి మారేది కాదు. తలపాగా చుట్టు ఊరునూ వృత్తినీ చెప్పినంతగా ఏడాదిని చెప్పదు. మనవాళ్ళ ఫొటోకు బట్టలు చివరి సాక్షి, అట్ట మొదటి సాక్షి. వరస తారుమారు చేస్తే లెక్క తప్పుతుంది.

సరే, ఏడాది తేలిందనుకోండి. మనిషి ఎవరు? ఇక్కడే మన ఊహలకు రెక్కలు వస్తాయి. చేతిలో పుస్తకం ఉంటే పండితుడు. కర్ర ఉంటే జమీందారు. గడియారం గొలుసు ఉంటే దుబాషీ. వెనక స్తంభం ఉంటే అది మా పాత మేడ! అయ్యా, ఆ స్తంభం చెక్కదో, గుడ్డ మీద రంగుతో వేసిందో. ఆ తెర, ఆ బల్ల, ఆ పుస్తకం స్టూడియో సామాను. లండనులో కూలివాడు పక్కన నిలబడ్డదీ అలాంటి స్తంభమే, మన గుమాస్తా నిలబడ్డదీ అలాంటి స్తంభమే. ఒకే స్టూడియోవి నాలుగు పటాలు పక్కపక్కన పెట్టి చూడండి. అదే బల్ల, అదే పుస్తకం, ఒక్కోసారి అదే గొలుసు! "ఎరువు సొమ్ము బరువు చేటు" అన్నారు పెద్దలు. స్టూడియోవాడు ఎరువిచ్చిన సొమ్ముతో మనం వంశవృక్షాలు అలంకరిస్తున్నాం.

దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకొక వర్గం బయలుదేరింది. వారు మేధావులు. "ఈ ఫొటోలన్నీ బానిస మనస్తత్వానికి నిదర్శనాలు. దొర కుర్చీలో కూర్చుని దొరలా కనబడాలన్న తాపత్రయం" అంటారు. వీరికీ నా దండం. దొరను అనుకరించదలచినవాడు నామం తుడుచుకుని రాడూ? తలపాగా తీసి బల్ల మీద పెట్టడూ? ఇంగ్లీషువాడు తన టోపీ తీసి బల్ల మీద పెట్టి దిగాడు. మనవాడు తలపాగా తలమీదే ఉంచాడు. కోటు కింద పంచె కట్టాడు, దాని కింద బూట్లు వేశాడు. ఏది తన ఇష్టమో, ఏది స్టూడియోవాడి ఇష్టమో విడదీసి చూడాలి గాని, ఒక్క మాటతో అందరినీ బానిసలని తేల్చడం కూడా 1835 అని వేయడం లాంటిదే. అక్కడ పొగడ్త, ఇక్కడ తెగడ్త. మనిషిని చూడకపోవడంలో ఇద్దరూ ఒకటే.

ఇక ముఖాల సంగతి. "చూడండి, ఆ కళ్ళలో ఎంత గాంభీర్యం! ఎంత విషాదం!" అని రాస్తారు. 1851లో ఆర్చర్ అనే ఇంగ్లీషువాడు కనిపెట్టిన కొలోడియన్ తడిపలక పద్ధతిలో స్టూడియోలో కొన్ని సెకన్లపాటు కదలకుండా ఉండాలి. నవ్వు అంతసేపు నిలవదు. నిలిపితే ఇకిలింపు అవుతుంది. అందుకని పెదవి బిగించి, చూపు ఒకచోట నిలిపి కూర్చోబెట్టేవారు. తల కదలకుండా వెనక ఇనుప కడ్డీ ఒకటి నిలబెట్టి, దాని కొనన ఉన్న కొంకి మెడ వెనక ఆనించేవారు. 1880ల నుంచి పొడిపలకలు వాడుకలోకి వచ్చి సెకను, అరసెకనుకు దిగాక కూడా పెద్దమనిషి ఫొటోకు నవ్వకూడదన్న మర్యాద మిగిలిపోయింది. ఆ గాంభీర్యంలో సగం ఇనుపకడ్డీది, సగం మర్యాదది.

ఆ కడ్డీ గురించి ఈ మధ్య ఫోనుల్లో ఒక వింత ప్రచారం తిరుగుతోంది. ఫొటోలో నిలబడ్డ మనిషి కాళ్ళ వెనక ఇనుప దిమ్మె కనబడితే, అతడు అప్పటికే చనిపోయాడనీ, శవాన్ని కడ్డీకి కట్టి నిలబెట్టారనీ! మా బంధువుల పిల్ల ఒకతె ఏడుపు మొహంతో నాకు ఫోను చేసింది, "తాతా, మన ఇంట్లో ఉన్నది శవం ఫొటోనా?" అని. అమ్మా, ఆ కడ్డీ బతికున్నవాడి తల కదలకుండా ఉంచడానికి. ప్రాణంలేని శరీరం బరువు అది మోయలేదు. ఆ కాలంలో పోయినవారిని ఫొటో తీసిన మాట నిజమే. కాని వారిని పడుకోబెట్టో, ఆనించి కూర్చోబెట్టో తీసేవారు. కడ్డీ కనబడిందంటే మనిషి ఊపిరి పీలుస్తున్నాడనే అర్థం. బతికున్న తాతను శవాన్ని చేసి, ఆ ఫొటోను ఇంట్లోంచి తీసేసినవాళ్ళు కూడా ఉన్నారు. చరిత్ర తెలియకపోతే ఎంత పాపం చుట్టుకుంటుందో చూడండి.

రంగు విషయానికి వద్దాం, ఎందుకంటే ఇది ఇప్పుడు ముదిరిన రోగం. ఫోనులో ఒక బొత్తాం నొక్కితే యంత్రం పాత ఫొటోకు రంగులు పూసి ఇస్తుంది. నల్ల తలపాగా, గోధుమ కోటు, ఎర్రటి తెర. అందరూ ఆహా అంటారు. ఆ తలపాగా నల్లదని యంత్రానికి ఎవరు చెప్పారు? ఆనాటి పలకకు నీలం వెలుగు బాగా అందేది, ఎరుపు దాదాపు ఆనేదే కాదు, పసుపు కూడా అంతంతమాత్రమే. కాబట్టి ఎర్ర తలపాగా ఫొటోలో నల్లగా పడుతుంది. పసుపు పట్టు ముదురుగా పడుతుంది. లేత నీలం ఉత్తరీయం తెల్లగా పడుతుంది. నామంలో మధ్య గీత ఎర్రనిదైతే నల్లగీత అవుతుంది. మనిషి ఒంటిరంగు కూడా ఉన్నదానికంటే ముదురుగానే వస్తుంది. రంగులను కొంత సరిగా పట్టే పలకలు 1880లలో బజారుకు వచ్చినా, మామూలు స్టూడియోలు పాతరకం పలకలనే చాలాకాలం వాడాయి. ఇదంతా యంత్రానికి తెలియదు. అది బూడిదరంగును చూసి ఊహిస్తుంది. పెళ్ళికి ఎర్రపాగా చుట్టుకుని ఫొటో దిగిన మనిషికి నల్లపాగా చుట్టి, "ఇదిగో మీ తాత నిజరూపం" అంటుంది. మనం కళ్ళు మూసుకుని నమ్ముతాం. ఒంటిరంగు చూసి "వాళ్ళు మనవాళ్ళు కారేమో" అన్నవాళ్ళను కూడా నేను ఎరుగుదును.

కుడిఎడమల చిక్కు ఇంకొకటుంది. కాగితం మీద కాక, వెండిపూత రాగిరేకు మీదో, గాజు మీదో నేరుగా తీసిన పటాలు కొన్ని ఉన్నాయి. కాగితపు కార్డులకు ముందు కాలంలో అవే ఎక్కువ. వాటిలో బొమ్మ సాధారణంగా అద్దంలో బొమ్మలా తారుమారుగా ఉంటుంది. అలాంటి పటంలో జంధ్యం కుడిభుజం మీద కనబడితే, "తద్దినం రోజున ప్రాచీనావీతిలో దిగాడు" అని వ్యాఖ్యానం మొదలుపెట్టకండి. ఎడమభుజం మీది జంధ్యమే కుడికి పడింది. కోటు బొత్తాలు కూడా తలకిందులుగా ఉన్నాయేమో ముందు చూసుకోండి.

ఇద్దరు మగవాళ్ళు చేతులు పట్టుకునో, ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకునో దిగిన ఫొటోలు కూడా మన పెట్టెల్లో ఉన్నాయి. ఇంగ్లండులో ఆ కాలంలో స్నేహితులు అలా దిగడం మామూలు. మన వీధుల్లో అయితే నిన్నటిదాకా స్నేహితులు చేయీ చేయీ పట్టుకుని నడిచినవాళ్ళే. ఇప్పటివారు చూసి ఒకరు "అన్నదమ్ములు" అంటారు, ఒకరు ఇంకేదో అంటారు. ఏదైనా కావచ్చు. పటం ఆ సాక్ష్యం చెప్పదు, ఉత్తరమో దస్తావేజో చెప్పాలి. నా కోపం ఊహల మీద కాదు, కత్తెర మీద. "రెండో ఆయన ఎవరో తెలియదు" అని చెప్పి, సగం ఫొటో కత్తిరించి మన తాతను ఒక్కణ్ణే చట్రంలో పెట్టినవాళ్ళున్నారు. తాత భుజం మీద ఎవరిదో చేయి మాత్రం మిగిలి ఉంటుంది. తాత డబ్బిచ్చి మరీ పక్కన నిలబెట్టుకున్న మనిషిని తెంచడానికి మనమెవరం?

ఇంత చెప్పాను గనుక నా తప్పు కూడా చెప్పాలి. లేకపోతే నాకు ఈ వ్యాసం రాసే అర్హత లేదు.

మా హోసూరు ఇంటి నడవలో ఒక ఫొటో ఉండేది. సంచికలో దివాన్‌గారి లాంటిదే. మా నాయనమ్మ చెప్పేది, "ఆయన మా మామగారి నాయన. తిరుగుబాటు ఏట తీసిన పటం. మైసూరు దివాను దగ్గర ఖాసా మనిషి" అని. నేను నమ్మాను. నా పిల్లలకు చెప్పాను. బడిలో నా కొడుకు దాని మీద వ్యాసం రాస్తే బహుమతి కూడా వచ్చింది. ముప్ఫై ఏళ్ళ కిందట చట్రం విరిగితే, పటాలు కట్టే అంగడికి తీసుకుపోయాను. "అట్టకు పురుగు పట్టింది సార్, ఊడదీసి కొత్త అట్ట వేస్తే నీటుగా ఉంటుంది" అన్నాడు అతను. నీటుగా ఉండడం ఎవరికి చేదు? సరేనన్నాను. పాత అట్ట అక్కడే చెత్తలోకి పోయింది. నేను దాని వెనక వైపు కనీసం తిప్పి చూడలేదు.

ఆ తరువాత పదేళ్ళకు మా మేనత్త పోతే ఆవిడ రేకుపెట్టె తెరిచాం. అడుగున, పట్టుచీర మడతలో, అదే ఫొటో ఇంకొక ప్రతి. అట్టతో సహా. కాబినెట్ సైజు, గుండ్రని మూలలు, అంచున మాసిన బంగారు పూత. వెనక ఇంగ్లీషులో స్టూడియో ఆర్భాటం, చుట్టూ లతలు. ఆ లతల మధ్య ఖాళీలో పెన్సిలుతో, తెలుగులో, ఒక్క వరస: "చిన్నాయన. బెంగుళూరు దండు. సర్వజిత్తు మాఘం."

అంతే. ఆ అక్షరాలు మా తాతగారి నాయన అక్షరాలు. ఆయన రాసిన భూమి లెక్కల పుస్తకం మా దగ్గర ఉంది, పోల్చి చూశాను. అంటే ఫొటోలో ఉన్నది ఆయన కాదు, ఆయన చిన్నాయన. సర్వజిత్తు అరవై ఏళ్ళకోసారి వస్తుంది. 1827, 1887, 1947. కాబినెట్ కార్డు 1866కు ముందు లేదు కనుక 1827 పోయింది. 1947 నాటికి ఇలాంటి అట్టలు పోయాయి, రాసినవారూ పోయారు. మిగిలింది 1887 ఉగాదితో మొదలైన ఏడు. అందులో మాఘం అంటే 1888 తొలి నెలలు. ఇంకొక అనుమానం కూడా తీర్చుకోవలసి వచ్చింది. పాత ఫొటోను మళ్ళీ ఫొటో తీసి కొత్త అట్ట మీద అంటించడం ఆ రోజుల్లోనూ ఉండేది. అలా చేసినదైతే అట్ట ఏడాది వేరు, మనిషి దిగిన ఏడాది వేరు. నకలులో నలుపు తెలుపులు మొరటుగా తేలతాయి, సన్నని వివరం మాసిపోతుంది, ఒక్కోసారి అసలు పటం అంచు కూడా పడుతుంది. భూతద్దం పెట్టి చూశాను. తలపాగా నేత పోగులు కూడా కనబడుతున్నాయి. ఇది నకలు కాదు.

బెంగుళూరు దండుకు రైలు వచ్చింది 1864లో. ఆ తరువాత మావైపు నుంచి ఎందరో దండులో గుమాస్తాలుగా, సరుకు ఇచ్చేవాళ్ళుగా వెళ్ళారు. మా చిన్నాయన ఏ పని చేశాడో నేను చెప్పను, ఎందుకంటే ఆ వరసలో లేదు. దివాను దగ్గర ఖాసా మనిషి అని మాత్రం అందులో లేదు. ఎవరికో చిన్నాయన, దండుకు వెళ్ళాడు, మాఘమాసంలో ఒక రోజు ఎత్తయిన బల్ల పక్కన నిలబడి కొన్ని సెకన్లు ఊపిరి బిగబట్టాడు. రెండు ప్రతులు తీయించి ఇంటికి పంపాడు. కోటు భుజాల దగ్గర కాస్త జారింది, స్టూడియోదే అయి ఉంటుంది. నాకు ఆ మనిషి మీద ఉన్న ప్రేమ దివాను మీద ఎప్పుడూ కలగలేదు.

ఇప్పుడు నన్ను బాధించే విషయం వినండి. ఆ ఫొటో ముందువైపు అంతా పరాయిది. స్తంభం గ్రీకువారిది, కోటు ఇంగ్లీషువారిది, అట్ట ఎక్కడి నుంచో ఓడ మీద వచ్చింది. అందులో తెలుగు ఉన్నది వెనకవైపే, ఒక్క వరస. మనం చేస్తున్నదేమిటి? ముందువైపుకు రంగులు పూసి ఊరంతా పంచుతున్నాం, వెనకవైపును ఊడదీసి చెత్తలో పోస్తున్నాం. మా తమ్ముడి మనవరాలు బెంగుళూరులో చదువుతోంది. కన్నడం వచ్చు, ఇంగ్లీషు వచ్చు, తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. ఆ పెన్సిలు వరస చూపిస్తే "ఇదేం గీతలు?" అంది. తప్పు ఆ పిల్లది కాదు. ఆ పెట్టె ఆ పిల్ల చేతికి నేరుగా పోయి ఉంటే ఆ గీతలు గీతలుగానే పోయేవి. ఇంకెన్ని ఇళ్ళలో పోయాయో!

కనుక సంచికలు వేసే సంఘాల పెద్దలకు నా మనవి. ఫొటో అచ్చువేసేటప్పుడు అట్ట మొత్తం, వెనకవైపుతో సహా, అచ్చువేయండి. చోటు లేకపోతే అధ్యక్షులవారి శుభాకాంక్షల పేజీ ఒకటి తగ్గించండి. తెలిసినంతే రాయండి. "1866 తరువాత, పేరు తెలియదు" అన్న నిజం "దివాన్‌గారు, 1835" అన్న అబద్ధం కంటే వెయ్యిరెట్లు గౌరవమైనది. రంగులు పూసిన ప్రతి వేస్తే, రంగులు ఇప్పటివని కింద రాయండి. ఇళ్ళలో ఉన్నవారికి ఒక్కటే చెబుతాను. పురుగు పట్టినా సరే, అట్ట ఊడదీయవద్దు. వెనకవైపును కూడా ఫోనుతో తీసి ఉంచండి. మీకు తెలిసిన పేరూ వరసా మెత్తని పెన్సిలుతో, తెలుగులో, ఒక మూల రాసిపెట్టండి. చదవలేని పిల్లలకు ఆ వరస చదవడం నేర్పడంతోనే అక్షరాభ్యాసం చేయించండి. "అ అంటే అమ్మ" కంటే "చి అంటే చిన్నాయన" వాళ్ళకు త్వరగా పట్టుబడుతుందని నా అనుభవం. మా పాపకు పట్టుబడింది.

సంచికవారు నన్ను మన్నించాలి. మీ ఫొటో అట్ట మూలలు గుండ్రంగా ఉన్నాయి. అచ్చులోనే కనబడుతున్నాయి. ఆ అట్ట మీ దగ్గరే ఉంటే, దయచేసి ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. అక్కడ ఏమైనా రాసి ఉంటే, వచ్చే సంచికలో అదే మొదటి పేజీలో వేయండి.